మూడు షిఫ్టుల జర్మన్

తిరుపతి వెళ్ళొస్తే లడ్డూ అడుగుతారు, కాశీ వెళ్ళొస్తే గంగ అడుగుతారు. నేను పటాన్‌చెరు వెళ్ళొచ్చానంటే మా కాకినాడలో ఎవరూ ఏమీ అడగలేదు. పక్కింటావిడ మాత్రం "అక్కడేం ఉందండీ, ఫ్యాక్టరీలేగా!" అంది. ఫ్యాక్టరీలే. వాటి మధ్య మూడు రోజులు తిరిగొచ్చాను. ఇప్పటికీ నోరు చేదుగానే ఉంది. రాస్తేనైనా పోతుందేమోనని రాస్తున్నాను.

నేను జర్మన్ మాట్లాడటం నేర్పుతాను. వ్యాకరణం జోలికి పెద్దగా పోను, నోరు తిరిగితే చాలంటాను. మా ఇంటి వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని సాయంత్రం ఆరింటికి పిల్లలకు, ఏడింటికి పెద్దవాళ్ళకు క్లాసు చెబుతాను. విద్యార్థుల్ని పోగుచేసేది ఒక శిక్షణ సంస్థ. ఏడింటి క్లాసులో పటాన్‌చెరు పక్కనున్న భానూరు నుంచి నర్సింలు అని ఒకాయన చేరాడు. యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆపరేటరు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. వాళ్ళ ఫ్యాక్టరీకి కొత్త మెషీన్ రాబోతోంది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి నలుగురిని ఆరు నెలలు జర్మనీ పంపుతారు, తిరిగొచ్చినవాళ్ళను పర్మనెంటు చేస్తారు. పోవాలంటే మాట్లాడే పరీక్ష నెగ్గాలి. ఇదంతా మొదటి రోజే చెప్పాడాయన. "మాకు గిదొక్కటే మోకా మేడం," అన్నాడు. మోకా అంటే అవకాశం.

ఎనిమిది నెలల్లో ఒక్క క్లాసు కూడా మానని విద్యార్థి ఆ పేరు ఒక్కటే. పెద్దవాళ్ళ క్లాసులో ముఖం చూపించాలనే నియమం లేదు. ఆ పేరు వెనక నుంచి ఒక వారం ఆయన గొంతు వినిపించేది, ఒక వారం ఆడమనిషి గొంతు, ఒక వారం చిన్నపిల్ల గొంతు. ఇల్లంతా కూర్చుని నేర్చుకుంటున్నారు కాబోలని మురిసిపోయాను. మిగతావాళ్ళకు "భానూరు వాళ్ళను చూసి బుద్ధి తెచ్చుకోండి" అని నీతులు కూడా చెప్పాను. ఫ్యాక్టరీలో పరీక్ష పెట్టి రమ్మని సంస్థవాళ్ళు నన్నే పంపితే ఎగిరి గంతేసి రైలెక్కాను.

లింగంపల్లి దాటాక

శనివారం పొద్దున రైలు దిగి బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికిందని సంబరపడ్డాను గానీ, పటాన్‌చెరు దగ్గరపడుతుంటే గాలిలో మందుల వాసన మొదలై, కిటికీ మూద్దామంటే అద్దం కదల్లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా అవస్థ చూసి నవ్వి, "రెండు దినాలైతే వాసనే రాదు బిడ్డా," అంది. నిజంగానే మూడో రోజుకి నాకు రాలేదు. అలవాటు పడటం మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు.

మా వైపు కొత్తమనిషి కనిపిస్తే "మీదే ఊరండీ" అని మొదలుపెట్టి, మూడో మాటకి ఇంటిపేరు దాకా వస్తారు. ఇక్కడ ఊరూ పేరూ ఎవరికీ అక్కర్లేదు. టిఫిన్ బండి దగ్గర నలభై రూపాయల ఇడ్లీ తింటూ నిలబడితే పక్కనతను "ఏ కంపెనీ మేడం?" అన్నాడు. ఏ కంపెనీ కాదన్నాను. పాపం, నా ఉద్యోగం పోయిందనుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి, దొరుకుతది," అని ధైర్యం చెప్పాడు. చట్నీ మా ఇంటిదానికన్నా కారం. మంచినీళ్ళ సీసా కొనుక్కుని సగం అక్కడే ఖాళీ చేశాను.

పటాన్‌చెరు: మేడమీద క్లాసు

మా సంస్థ శాఖ ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైఅంతస్తులో ఉంది. శనివారం కాబట్టి పిల్లలను అక్కడే కూర్చోబెట్టారు. తెర మీద రోజూ చూసే ముఖాలు ఎదురుగా కనిపిస్తే ముద్దొచ్చాయి. పద్నాలుగు మంది ఒక్క గొంతుతో జర్మన్‌లో శుభోదయం చెప్పారు, అప్పుడు సాయంత్రం నాలుగైంది.

ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. పబ్లిక్ సెక్టారు ఫ్యాక్టరీలో మామగారికి ఉద్యోగం వచ్చి భీమవరం నుంచి ఎప్పుడో ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నేనూ వాళ్ళవైపు మనిషినేనని తెలిసి కాఫీ తెప్పించింది. "మా వాడు ఇంగ్లీషు, హిందీ, ఇప్పుడు జర్మనూ మాట్లాడతాడండీ. తెలుగే కాస్త వెనకబడ్డాడు. చదవడం రాదు," అంది, అదేదో వాడికి కాస్త జలుబు చేసినట్టు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నారు కదా, ఇక్కడి మాట వచ్చా అని అడిగాను. "అబ్బే, మాకెందుకండీ!" అంది. ఏడు వేల కిలోమీటర్ల అవతలి భాషకు ఫీజు కడుతున్నారు, గోడ అవతలి పలుకు మాత్రం వద్దు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆ ఫీజులోంచే కదా నా జీతం. కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను.

ముత్తంగి

మర్నాడు ఆదివారం. నర్సింలు గారి ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. భానూరు వెళ్ళాల్సిన నేను తెలివిగా వేరే బస్సెక్కి ముత్తంగి కూడలిలో తేలాను. పైన రింగు రోడ్డు, కింద లారీలు, ఏ వైపు నిలబడినా భానూరు బస్సు అవతలి వైపే అంటున్నారు. అరగంట ఎండలో అటూ ఇటూ దాటి, చెప్పు ఉంగటం తెంపుకుని, ఒక టీ కొట్టు నీడలో కూలబడ్డాను. టీ పదిహేను రూపాయలు. చెప్పుకి పిన్నీసు ఉచితం.

అదిచ్చినవాడు కొట్టు యజమాని కాదు, టీ తాగుతున్న గోడౌన్ కూలీ. ఒడిశా నుంచి వచ్చి మూడేళ్ళైందట. నాకన్నా చక్కగా ఇక్కడి తెలుగు మాట్లాడుతున్నాడు. ఏ క్లాసులో నేర్చుకున్నావని సరదాకి అడిగాను.

"క్లాసా?" అన్నాడు. "గోడౌన్ల నేనొక్కణ్ణే ఒడియా మేడం. మాట్లాడకుంటే బువ్వ ఎట్ల? ఆరు నెలలల్ల అదే వచ్చింది."

నేనేం పని చేస్తానో చెప్పాను. ఫీజెంతో అడిగి, విని, మర్యాదగా తల తిప్పుకున్నాడు. భానూరు వెళ్ళే ఆటో తనే ఆపి ఎక్కించాడు. ఆటో కదిలాక కూడా అతని మాట మీద నాకు కోపంగానే ఉంది. వృత్తిని ఎవరైనా తేలిక చేస్తే ఎవరికి మాత్రం ఉండదు!

భానూరు

ఇంటి గేటు దగ్గరే ఎదురొచ్చిన నర్సింలు గారు నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటారు, కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. భార్య సువర్ణ మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. కూతురు వైష్ణవి ఏడో తరగతి. ముగ్గురి గొంతులూ వినగానే గుర్తుపట్టాను. వాళ్ళూ నన్ను ఏళ్ళ తరబడి తెలిసిన మనిషిలా చూశారు.

"మీ గొంతు రోజూ ఇంట్ల వినబడుతది మేడం. మా ఇంటి మనిషి లెక్కనే," అంది సువర్ణ.

జొన్న రొట్టె, మటన్ కూర, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే బెల్లం వేసి పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేస్తే అయిపోయింది, పొయ్యితో పనే లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను. "జెర తినుండ్రి, గింతేనా?" అంటూ సువర్ణ మూడోసారి కూడా పోసింది.

తిన్నాక రేపటి పరీక్షకు ఒకసారి మాట్లాడుకుందామన్నాను. పేరు, ఊరు, ఇంటి సంగతి అడిగితే నర్సింలు గారు జంకు లేకుండా చెప్పారు. పని గురించి అడిగితే మెషీన్ పేర్లతో సహా చెప్పారు. సంతోషం పట్టలేక, బజారులో కిలో టమాటా ఎంతని ఎలా అడుగుతారన్నాను. ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ టకటకా అడిగేసింది, బేరం కూడా ఆడింది. ఇప్పుడు టైమెంత అన్నాను. ఇద్దరూ వైష్ణవి వైపు చూశారు. పిల్ల గడియారం చూసి చెప్పింది, రైల్వే స్టేషనుకు దారి కూడా అడక్కుండానే చెప్పింది. డాక్టరు దగ్గర ఏమంటారు? మళ్ళీ సువర్ణ.

"మీరు చెప్పండి," అన్నాను నర్సింలు గారితో.

"గా పాఠం నా వారం కాదు మేడం," అన్నారాయన.

అప్పుడు బయటపడింది సంగతి. ఆయనకు వారానికో షిఫ్టు మారుతుంది. పొద్దుటి షిఫ్టు వారం సాయంత్రం ఖాళీ కాబట్టి క్లాసుకు ఆయన కూర్చునేవారు. మధ్యాహ్నం షిఫ్టు వారం ఆయన ఫ్యాక్టరీలో ఉంటారు కాబట్టి సువర్ణ కూర్చునేది. రాత్రి షిఫ్టు వారం, ఆయన ఎనిమిదిన్నర దాకా పడుకుంటారు, సువర్ణ వంట చేసి డబ్బా కడుతుంది, అందుకని వైష్ణవి కూర్చునేది. ముగ్గురూ వేర్వేరు వారాల్లో కూర్చున్నారు. ముగ్గురూ కలిసి ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

"మెషీన్ ఆగొద్దు గదా మేడం," అన్నారు నర్సింలు గారు, నాకు అర్థం కాలేదేమోనని నెమ్మదిగా. "మా దగ్గర రిలీవర్ వచ్చి నిలబడేదాకా మనిషి కదలొద్దు. గట్లనే క్లాస్ గూడ ఒక్క దినం ఆగొద్దని అనుకున్నం. ఎవరో ఒకరు ఉండాలె. అంతా బుక్కుల రాసుకున్నం, సూడుండ్రి."

వైష్ణవి తెచ్చిన నోట్‌బుక్కులో మూడు రకాల చేతిరాతలు. ప్రతి వారం చివర, షిఫ్టు దిగిపోయేవాళ్ళు తర్వాతివాళ్ళకు రాసిపెట్టినట్టే, ఇంతవరకు అయింది, ఇది మిగిలింది అని రాసి ఉంది. ఒక్క పేజీ ఖాళీ లేదు. ఆయన మిగతా ఇద్దరి పేజీలూ ఎన్నిసార్లు చదివారో అంచులు నలిగిపోయి ఉన్నాయి. చదివితే మాట్లాడటం వస్తుందా? ఈత పుస్తకం చదివి గోదావరిలో దిగినట్టే.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి చీకటి పడేదాకా రుద్దాను. ఎనిమిది నెలలది మూడు గంటల్లో ఎక్కుతుందా! ఆయనకు చెమటలు పట్టాయి, ముందు వచ్చిన మాటలు కూడా తడబడ్డాయి. చివరికి సువర్ణే, "సాలు మేడం, ఆయన తల తిరుగుతున్నది," అంది. తర్వాత గడప దగ్గర నాతో, రేపు సెలవు పెట్టానని, పరీక్ష కాగానే తనూ నేనూ కలిసి ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీమాత గుడికి పోదామని, మొక్కు ఉందని చెప్పింది. ఆవిడకు అనుమానం లేదు. మేడం ఇంటికొచ్చి పచ్చిపులుసు తిన్నాక అనుమానమెందుకుంటుంది?

గేటు లోపల

సోమవారం పదింటికి ఫ్యాక్టరీ ట్రైనింగు గదిలో పరీక్ష. పక్కన ఒక కుర్ర ఆఫీసరు కూర్చున్నాడు. అతనికి జర్మన్ ముక్క రాదు. "మీరు ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ మేడం," అన్నాడు. నా చేతిలో ఒక కాగితం, ఆరు విషయాలు, ఆరు గళ్ళు: పరిచయం, పని, బజారు, డాక్టరు, టైము, దారి. నాలుగింటిలోనైనా మాట్లాడగలిగితే నెగ్గినట్టు.

మొదటి ముగ్గురూ గట్టెక్కారు. నాలుగో మనిషి నర్సింలు గారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పరిచయం గలగలా చెప్పారు. పని గురించి ఇంకా బాగా చెప్పారు. ఆఫీసరుకి ఒక్క మాట అర్థం కాకపోయినా ఆ ధోరణి చూసి తల ఊపాడు.

ఇక్కడ నేను దాచకుండా రాయాలి. నేను పని గురించే ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, ఏవో నాలుగు గళ్ళలో టిక్కులు పెడితే ఆ గదిలో పట్టుకునేవాడు లేడు. ఆయనకు వచ్చిన పాఠాలేవో, రానివేవో ముందురోజు నాకు వేలు పెట్టి చూపించినంత స్పష్టంగా తెలిసింది. అయినా టైమెంత అని అడిగాను.

ఆయన గోడ గడియారం వైపు చూశారు. అంకెలను వేళ్ళ మీద లెక్కపెట్టి ఆగిపోయారు. స్టేషనుకు ఎలా వెళ్ళాలి అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, జర్మన్‌లో, తప్పు లేకుండా, "నా పేరు నర్సింలు. నేను ఆపరేటరుని," అన్నారు. బజారు గురించి అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. డాక్టరు దాకా పోనివ్వకుండా ఆయనే లేచి, నాకూ ఆఫీసరుకీ దండం పెట్టి బయటికి వెళ్ళిపోయారు. రెండింటికి ఆయన షిఫ్టు. క్యాంటీన్ వైపు నడిచారు.

కాగితం మీద 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. అక్కడికి వెళ్ళి మాట రాక అవస్థ పడకూడదనే అలా చేశానని ఆ మధ్యాహ్నమంతా నాకు నేను చెప్పుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. అసలు సంగతి, ఊరికే మార్కు వెయ్యని టీచర్నని నాకో పొగరు. ఆ పొగరు ఖరీదు నేను కట్టలేదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

సువర్ణ గేటు బయట కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కొత్త జాకెట్టు ముక్క ఉన్న సంచితో నిలబడి ఉంది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి భర్త మాట ఆమెకు చేరలేదు. "మంచిగ చెప్పిండా మేడం?" అంది. పరిచయం, పని బాగా చెప్పారన్నాను. అబద్ధం కాదు. సంగారెడ్డి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. దారంతా ఆవిడ వైష్ణవి చదువు గురించి చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

సోమవారం కాబట్టి గుడిలో జనం లేరు. ఆవిడ కొబ్బరికాయ కొట్టి, కుంకుమ తెచ్చి నా నుదుట కూడా పెట్టింది. ఆ చేయి నా నుదుటి మీద ఉన్నప్పుడే చెప్పేయాలనిపించింది. బయట మెట్ల మీద కూర్చున్నాక చెప్పాను. ఆరింటిలో రెండే వచ్చాయని, కాలేదని.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొబ్బరి చిప్పను నేలమీద పెట్టి నా వైపు తిరిగింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి," అంది. "మా ముగ్గురి గొంతులు మీకు ఎరుకే గదా?"

"తెలుసమ్మా."

"ఎప్పటి సంది?"

"మొదటి నెల నుంచీ."

"మరి గప్పుడే ఎందుకు జెప్పలే మేడం? మాకు ఎరుక లేదు. మేం గెప్పుడూ గిసొంటివి నేర్సినోళ్ళం కాదు. ఒక్క మాట, 'సువర్ణా, ఆయననే కూసోబెట్టు' అంటే, రాత్రి షిఫ్టు వారమన్న నేను నిద్రల నుంచి లేపేదాన్ని గదా. నిద్ర లేకుంటే మెషీన్ల చెయ్యి పోతదని భయం. అయినా లేపేదాన్ని."

 నా దగ్గరున్న జవాబు పైకి అనలేనిది: ఒక్క క్లాసూ మానని విద్యార్థి నాకు ఉన్నాడని సంస్థవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఎవరది అని అడగలేదు. "తప్పు నాదే సువర్ణా," అన్నాను. ఆఫీసరుతో మాట్లాడతాను, మళ్ళీ పరీక్ష పెట్టమంటాను అని కూడా అన్నాను.

"ఇగ ఏం పెడ్తరు? ఇక్కడ ఎవరన్న తప్పితే, గా జాగకు పుణెల ఉన్న వీళ్ళ ఇంకో ఫ్యాక్టరీ నుంచి మనిషిని తీసుకుంటరని ఆయన ముందే చెప్పిండు." ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "తప్పు మీదే అంటున్నరు. మంచిది. మీరు పోయి రేపు ఇంకో పాఠం చెప్పుకుంటరు. ఆయన రెండింటికి మల్ల గా మెషీన్ కాడనే నిలవడాలె."

టైము చూశాను, రెండు దాటింది. సంగారెడ్డి బస్టాండుకి ఆటో మాట్లాడింది ఆవిడే, నా సంచి కూడా తనే ఎక్కించింది. నేను లోపలికి జరిగి పక్కన చోటిచ్చాను. ఆవిడ రాలేదు. తర్వాతి దాంట్లో వస్తానని చెప్పి డ్రైవరును పొమ్మంది.